క్యాంపర్‌లోనూ ఇంట్లోనూ ఎల్‌ఈడీ దీపాలు: ఒకే బల్బు రెండు చోట్లా పనికివస్తుందా?

ప్రశ్న: బాటసారి

అందరికీ నమస్కారం. మా క్యాంపర్ వ్యాన్‌లో మొదటి నుంచీ ఉన్న హాలోజన్ బల్బులను తీసివేసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టాను. లోపల మొత్తం ఆరు దీపాలు. అన్నీ జీ4 అనే రెండు పిన్నుల బల్బు పట్టే హోల్డర్లే. పాత బల్బు ఒక్కొక్కటి 10 వాట్లు కనుక ఆరూ వెలిగినప్పుడు బ్యాటరీ నుంచి 5 ఆంపియర్లు పోయేవి. సాయంత్రం నాలుగు గంటలు వేసుకుంటే 20 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, వాడుకోవడానికి వీలున్న దానిలో ఐదింట రెండు వంతులు దీపాలకే ఖర్చయ్యేది. కొత్త బల్బులు ఒక్కొక్కటి 1.5 వాట్లు మాత్రమే. అదే నాలుగు గంటలకు 3 ఆంపియర్ అవర్లు సరిపోతున్నాయి. ఇంతవరకు సంతోషమే.

అయితే స్టవ్వు పైనున్న బల్బు కొద్ది కాలానికే మసకబారి, తర్వాత పూర్తిగా ఆరిపోయింది. దాన్ని ఊడదీసి చూస్తే, చిన్న పలక మీద నువ్వుగింజంత రెసిస్టర్ ఒకటి కనిపించింది. దాని చుట్టూ ఉన్న తెల్లని పూత మాడి గోధుమరంగుకు తిరిగింది. ఎల్‌ఈడీలు మాత్రం పైకి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంకొక బల్బు హోల్డర్‌లో పెట్టగానే వెలగలేదు కానీ, పిన్నులు తిప్పి పెడితే వెలిగింది. మూడో రకం బల్బులు బాగానే వెలుగుతున్నాయి, కాని అవి వేసినంతసేపూ రేడియోలో గరగరమనే చప్పుడు వస్తోంది.

ఇంట్లో సంగతి వేరు. వంటగదిలో అరల కింద అంటించిన 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ మొదట్లో తెల్లగా, చివరికి వచ్చేసరికి నీరసంగా వెలుగుతోంది. నడవలోని బల్బు స్విచ్చి ఆపినా రాత్రిపూట సన్నగా మిణుకుమంటూనే ఉంటుంది. మూతి బిగించిన గాజు గ్లోబు లోపల పెట్టిన బల్బులు ప్యాకెట్టు మీద రాసినంత కాలం ఎన్నడూ రావడం లేదు.

బల్బులు కొన్నప్పుడల్లా వాట్లు, పిన్నుల రకం, రంగు ఈ మూడే చూస్తున్నాను. ఇంకా ఏమి చూడాలి? ఇంటికీ క్యాంపర్‌కీ ఒకే రకం బల్బులు తెచ్చి ఉంచుకుంటే సౌకర్యంగా ఉంటుందన్నది నా ఆలోచన. అది కుదురుతుందా? వెలుగును తగ్గించుకునే ఏర్పాటు కూడా కావాలి.

జవాబు: వోల్ట్‌మీటరు

మీరు వర్ణించిన తీరును బట్టి, లోపం ఎల్‌ఈడీలలో లేదు; వాటికి కరెంటు అందించే ఏర్పాటులో ఉంది. క్యాంపర్‌లో 12 వోల్టులు అన్నది పేరుకు మాత్రమే. నిండా ఛార్జి అయి విశ్రాంతిగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా 12.7 వోల్టులు చూపిస్తుంది. బాగా వాడేశాక, లోడు మీద, 12 కంటే దిగువకు జారుతుంది. ఇంజను నడుస్తున్నా, బయటి కరెంటుతో ఛార్జర్ పనిచేస్తున్నా అదే తీగల మీద 14.4 వోల్టుల వరకు ఉంటుంది. కొన్ని ఛార్జర్లు అప్పుడప్పుడు 15 దాటిస్తాయి కూడా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఎక్కువసేపు 13 వోల్టుల పైనే నిలుస్తుంది.

హాలోజన్ బల్బు ఈ హెచ్చుతగ్గులను చాలావరకు ఓర్చుకుంటుంది. ఎల్‌ఈడీ ఓర్చుకోదు. తెల్లని ఎల్‌ఈడీకి వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి. ఆ మెట్టు దాటాక వోల్టేజీ కొంచెం పెరిగినా కరెంటు చాలా పెరుగుతుంది. అందువల్ల చవక బల్బులలోనూ, 12 వోల్టుల స్ట్రిప్‌లలోనూ మూడేసి ఎల్‌ఈడీలను వరుసగా కలిపి, మిగిలిన వోల్టేజీని తినడానికి ఒక రెసిస్టర్ పెడతారు. లెక్క వేసి చూడండి. 12 వోల్టుల దగ్గర మూడు ఎల్‌ఈడీలు 9.3 వోల్టులు తీసుకుంటే, రెసిస్టర్ మీద 2.7 మిగులుతుంది, అది 150 ఓములదైతే కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు. ఇప్పుడు ఛార్జర్ పెట్టండి. 14.4 వోల్టుల దగ్గర ఎల్‌ఈడీలు 9.6 వరకు తీసుకున్నా రెసిస్టర్ మీద 4.8 పడుతుంది, కరెంటు 32 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది. బయటి వోల్టేజీ పెరిగింది ఐదో వంతు మాత్రమే, కాని రెసిస్టర్‌లో పుట్టే వేడి మూడు రెట్లయింది. మీకు కనబడిన గోధుమరంగు మరక ఆ వేడి ఫలితమే. స్టవ్వు పైన ఉండడం వల్ల కింది నుంచి వచ్చే సెగ కూడా తోడై ఆ బల్బు అన్నిటికంటే ముందు పోయింది.

దీనికి విరుగుడు, కరెంటును స్థిరంగా ఉంచే చిన్న డ్రైవర్ సర్క్యూట్ లోపలే ఉన్న బల్బు కొనడం. ప్యాకెట్టు మీద ఉత్త ‘12 వోల్టులు’ అని కాకుండా ‘10 నుంచి 30 వోల్టులు, డీసీ’ అనో, అలాంటి విశాలమైన పరిధో రాసి ఉంటే అది డ్రైవర్ ఉన్న బల్బని దాదాపుగా నమ్మవచ్చు. రాతను నమ్మలేకపోతే పరీక్షించడం తేలిక. బల్బుకు వరుసలో మల్టీమీటర్ పెట్టి, ముందు ఛార్జర్ లేకుండా, తర్వాత ఛార్జర్ పెట్టి కరెంటు కొలవండి. వోల్టేజీ పెరిగినప్పుడు కరెంటు కూడా పెరిగితే లోపల ఉన్నది రెసిస్టర్ మాత్రమే. కరెంటు తగ్గితే డ్రైవర్ ఉన్నట్టు. అది వాట్లను ఒకే స్థాయిలో ఉంచుతుంది కాబట్టి, 1.5 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 0.125 ఆంపియర్లు, 14.4 దగ్గర సుమారు 0.1 ఆంపియర్లు తీసుకుంటుంది. నా దృష్టిలో ప్యాకెట్టు మీది ఏ ప్రకటన కంటేనూ ఈ ఒక్క కొలత విలువైనది.

తిప్పి పెడితే వెలిగిన బల్బులో దోషమేమీ లేదు. ఎల్‌ఈడీ కరెంటును ఒక దిశలోనే పోనిస్తుంది. కొన్ని బల్బులలో నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉంటుంది కనుక ఎటు పెట్టినా వెలుగుతాయి. మీ దాంట్లో అది లేదు. అయితే బ్రిడ్జి సుమారు 1.4 వోల్టులు తానే తినేస్తుంది. అందుచేత బ్రిడ్జి, రెసిస్టర్ తప్ప మరేమీ లేని బల్బులు బ్యాటరీ తగ్గినప్పుడు మిగతావాటికంటే ముందుగా మసకబారతాయి.

జవాబు: తీగమేస్త్రి

ఇంటి సంగతులకు నేను జవాబు చెబుతాను. ముందు స్ట్రిప్. మీటరుకు 14.4 వాట్లు తీసుకునే స్ట్రిప్ ఐదు మీటర్లు ఉందనుకుందాం. మొత్తం 72 వాట్లు. 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. ఈ 6 ఆంపియర్లూ స్ట్రిప్ మొదట్లో ఉండే కాగితమంత పలుచని రాగి పట్టీ గుండానే లోపలికి పోవాలి. పోయేకొద్దీ వోల్టేజీ తరుగుతుంది. పైన వోల్ట్‌మీటరు గారు వేసిన లెక్కనే ఇక్కడా చూస్తే, రెసిస్టర్‌కు మిగిలేది 2.7 వోల్టులే కాబట్టి, దారిలో 0.7 వోల్టులు పోయినా ఎల్‌ఈడీ కరెంటులో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. అడాప్టర్ దూరంగా ఉంటే ఆ 0.7 వోల్టులు తీగలోనే పోవచ్చు: 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 12 మిల్లీ ఓములు. ఐదు మీటర్ల దూరమంటే రానూపోనూ పది మీటర్లు, 0.12 ఓములు, దానిలో 6 ఆంపియర్లు ప్రవహిస్తే 0.72 వోల్టుల నష్టం.

అందుచేత అన్ని దీపాలూ వెలుగుతుండగా స్ట్రిప్ మొదట, చివర వోల్టేజీ కొలిచి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే రెండు చివరల నుంచీ కరెంటు ఇవ్వండి, లేదా నడిమి నుంచి ఇవ్వండి. కొత్తగా వేసుకునేవారు 24 వోల్టుల స్ట్రిప్ తీసుకోవడం ఉత్తమం. అదే వెలుగుకు కరెంటు సగమే పడుతుంది, తీగలో పోయే వాట్ల నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అడాప్టర్‌ను స్ట్రిప్ వాట్లకు సరిగ్గా సమానంగా కాక, కనీసం ఐదో వంతు ఎక్కువ సామర్థ్యంతో ఎంచుకోవాలి. గాలి తగలని అర వెనుక పెడితే ఇంకొంచెం ఎక్కువే మంచిది.

స్విచ్చి ఆపినా మిణుకుమనే బల్బు విషయంలో తొందరపడి బల్బు మార్చవద్దు. స్విచ్చి ఫేజు తీగను తెంచుతోందా, న్యూట్రల్‌ను తెంచుతోందా అన్నది ముందు తేలాలి. న్యూట్రల్ మీద స్విచ్చి ఉంటే, ఆపిన తర్వాత కూడా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది; అది మిణుకు కంటే చాలా పెద్ద సమస్య, బల్బు మార్చేటప్పుడు చేయి తగిలితే షాక్ కొడుతుంది. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత సరిచేయించవలసిన పని. ఫేజు మీదే స్విచ్చి ఉందని తేలితే, మిగిలిన కారణాలు రెండు: స్విచ్చిలో చిన్న సూచిక దీపం ఉండి దాని గుండా కొద్ది కరెంటు కారడం, లేదా నడవకు రెండు వైపులా ఉన్న స్విచ్చుల మధ్య పొడవుగా పక్కపక్కనే పోయే తీగల నుంచి కెపాసిటెన్స్ వల్ల కొంచెం కరెంటు చేరడం. ఫిలమెంటు బల్బుకు ఆ కొద్దిపాటి కరెంటు లెక్కలోకే రాదు. ఎల్‌ఈడీ డ్రైవర్‌లోని కెపాసిటర్ మాత్రం దాన్ని కూడబెట్టుకుని ఉండుండి ఒకసారి వెలుగుతుంది. దీపానికి సమాంతరంగా పెట్టే స్నబ్బర్ అనే చిన్న భాగంతో ఇది పోతుంది. అదీ ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి.

గాజు గ్లోబుల విషయం వేడికి సంబంధించినది. ఫిలమెంటు బల్బు తన వేడిలో ఎక్కువ భాగాన్ని పరారుణ కిరణాలుగా బయటికి పంపేస్తుంది. ఎల్‌ఈడీ బల్బు వేడి అలా పోదు. వెనుక భాగం నుంచి గాలిలోకే పోవాలి. మూతి బిగించిన గ్లోబులో ఆ గాలి కదలదు. డ్రైవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. ప్యాకెట్టు మీది 15,000 గంటలో 25,000 గంటలో సాధారణంగా ఎల్‌ఈడీ వెలుగు 70 శాతానికి తగ్గడానికి పట్టే కాలాన్ని సూచిస్తాయి; డ్రైవర్ ఎంతకాలం బతుకుతుందో ఆ అంకె చెప్పదు. మూసిన ఫిట్టింగులకు తగినదని స్పష్టంగా రాసిన బల్బు కొనండి, లేదా వాట్లు తక్కువది పెట్టండి.

వెలుగు తగ్గించడానికి పాత డిమ్మర్‌నే ఉంచుదామనుకుంటే రెండు సంగతులు చూడాలి. బల్బు మీద డిమ్మర్‌కు పనికివస్తుందని రాసి ఉండాలి. డిమ్మర్ కనీస లోడు ఎంతో కూడా చూడాలి. ఫిలమెంటు బల్బుల కాలంలో తయారైనవి పదుల వాట్ల లోడు ఉంటేనే నిలకడగా పనిచేసేవి, 9 వాట్ల బల్బు పెడితే వణుకుతుంది. ట్రైలింగ్ ఎడ్జ్ రకం, అంటే కరెంటు తరంగంలో ప్రతి సగం చివరి భాగాన్ని కోసివేసే, డిమ్మర్లు ఎల్‌ఈడీలతో ఎక్కువగా సర్దుకుపోతాయి.

బాటసారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచాను. ఛార్జర్ లేనప్పుడు స్టవ్వు పైని హోల్డర్ దగ్గర 12.5 వోల్టులు, ఛార్జర్ పెట్టాక 14.4. కాలిపోయిన బల్బుకు జత అయిన రెండో బల్బు కరెంటు 0.12 ఆంపియర్ల నుంచి 0.18కి ఎగబాకింది, పట్టుకుని చూస్తే వేలు ఆనించలేనంత వేడిగా ఉంది. మూడో రకం బల్బుల కరెంటు మాత్రం 0.13 నుంచి 0.11కు దిగింది. అంటే వాటిలో డ్రైవర్ ఉన్నట్టే.

చిక్కేమిటంటే, రేడియోలో గరగర పుట్టిస్తున్నవి ఆ మంచి బల్బులే. రెసిస్టర్ బల్బులు మాత్రమే వెలిగించినప్పుడు రేడియో నిశ్శబ్దంగా ఉంటోంది. ఇది కాకతాళీయమా, లేక ఒకదానికొకటి సంబంధం ఉందా?

వంటగది స్ట్రిప్ మొదట్లో 11.9, చివర 10.7 వోల్టులు వచ్చింది. రెండో చివరికి కూడా తీగ లాగాక తేడా కంటికి ఆనడం లేదు. నడవ స్విచ్చికి ఎలక్ట్రీషియన్‌ను రమ్మన్నాను.

జవాబు: రేడియోప్రియ

సంబంధం ఉంది. డ్రైవర్ కరెంటును సెకనుకు పదుల వేల నుంచి లక్షల సార్లు, కొన్నిటిలో అంతకు మించి, తెరిచి మూస్తూ వోల్టేజీని సర్దుతుంది. ఆ మార్పిడి చురుకుగా ఉన్నకొద్దీ దాని గుణిజాలు, అంటే ఆ వేగానికి రెండింతలు, మూడింతలుగా ఉండే తరంగాలు, మీడియం వేవ్ నుంచి ఎఫ్ఎం వరకు పాకుతాయి. బల్బు చిన్నదే అయినా, దానికి వెళ్ళే మీటర్ల కొద్దీ తీగలు యాంటెనాగా పనిచేసి ఆ గోలను వ్యాన్ అంతటా వెదజల్లుతాయి. మంచి తయారీదారులు లోపలే ఫిల్టర్ పెడతారు, కాని జీ4 బల్బు అంత చిన్న చోటులో దానికి స్థలం చాలదు. అక్కడే కోత పడుతుంది.

ముందు దొంగ ఎవరో పట్టుకోండి. ఒక్కొక్క బల్బునే వెలిగిస్తూ, చేతిలో పట్టే బ్యాటరీ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషను లేని చోటికి తిప్పి బల్బు దగ్గరికి తీసుకుపోండి. ఒకే రకం బల్బులలో కూడా ఒకటి రెండు మిగతావాటికంటే ఎక్కువ గోల చేయడం మామూలే. తర్వాత వ్యాన్ రేడియో నుంచి యాంటెనా తీగ ఊడదీయండి. గరగర పోతే అది గాలి గుండా వస్తోంది. పోకపోతే కరెంటు తీగల వెంట వస్తోంది.

గాలి గుండా వస్తుంటే దీపానికి వెళ్ళే ప్లస్, మైనస్ తీగలను ఒకదానితో ఒకటి మెలిపెట్టండి, యాంటెనా కేబుల్‌ను వాటికి దూరంగా జరపండి, బల్బుకు వీలైనంత దగ్గరగా ఫెరైట్ రింగు పెట్టి తీగను దానిలో మూడు నాలుగు చుట్లు తిప్పండి. ఒక్క చుట్టుతో ఫలితం స్వల్పంగానే ఉంటుంది. హోల్డర్ పిన్నుల మధ్య 0.1 మైక్రోఫ్యారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి కలిపితే మరికొంత తగ్గుతుంది. తీగల వెంట వస్తుంటే రేడియోకు వెళ్ళే కరెంటు తీగలోనే ఫిల్టర్ పెట్టాలి. డిజిటల్ రేడియో ఉన్నవారికి గరగర వినిపించదు. స్టేషను ఉన్నట్టుండి తెగిపోతుంటుంది, అందుకే వాళ్ళు సిగ్నల్ లేదనుకుని బల్బును అనుమానించరు.

జవాబు: వెన్నెలబండి

వాట్లు, వోల్టుల మాట అయిపోయింది కనుక వెలుగు సంగతి చెబుతాను. ఏళ్ళ తరబడి వ్యాన్‌లో గడిపినవారికి చివరికి పట్టేది అదే. పాత 10 వాట్ల హాలోజన్ సుమారు 130 లూమెన్లు ఇచ్చేది. అందువల్ల వాట్లు వదిలేసి, బల్బు ఇచ్చే వెలుగును కొలిచే లూమెన్లు చూడండి. దానికి రెండింతల వెలుగు ఇచ్చే బల్బు దొరికింది కదా అని పెడితే, కూర్చున్నవారి కంటికీ బల్బుకూ మధ్య అడుగున్నర దూరం కూడా ఉండని ఇరుకు చోట అది వెలుగనిపించదు, పోటనిపిస్తుంది. చుక్కలు చుక్కలుగా కనబడే ఎల్‌ఈడీల మీద పాలరంగు మూత తప్పనిసరి.

తెల్లని ఎల్‌ఈడీలో నిజానికి పుట్టేది నీలి కాంతి. దాని మీద పూసిన పసుపు పదార్థం ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు, ఎరుపు వైపు మారుస్తుంది; రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఈ నీలి ఎల్‌ఈడీని సాధ్యం చేసినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. తెలుపు ఛాయను కెల్విన్లలో చెబుతారు: పూత తక్కువైతే 6500 కెల్విన్ల నీలితెలుపు, ఎక్కువైతే 2700 కెల్విన్ల పసుపు తెలుపు. పడుకునే చోట, భోజనం చేసే చోట 2700, 3000ల మధ్య ఉంటేనే హాయి. పని బల్ల మీద 4000 నాకు అభ్యంతరం లేదు. 6500 మాత్రం ఇంట్లోనైనా బండిలోనైనా సామాను గదికి తప్ప నేను ఒప్పుకోను.

రంగుల నాణ్యతను తెలిపే సీఆర్ఐ అంకె 90కి పైన ఉండేలా చూడండి. 80 ఉన్న బల్బు కింద కూరగాయలూ మాంసమూ చర్మమూ కళ తప్పి కనబడడానికి కారణం ఉంది: ఆ అంకెను లెక్కించే ఎనిమిది నమూనా రంగులలో ముదురు ఎరుపు లేనే లేదు. దానికి విడిగా ఆర్9 అనే అంకె ఉంటుంది. తయారీదారు దాన్ని కూడా ప్రకటిస్తే ఆ బల్బును తప్పక పరిశీలించవచ్చు.

రాత్రి లేచినప్పుడు కాళ్ళ కింద చూసుకోవడానికి విడిగా ఒక ఎర్రని చిన్న దీపం పెట్టుకోండి. చీకటికి అలవాటు పడిన కంటి కణాలు ముదురు ఎరుపును దాదాపు పట్టించుకోవు కాబట్టి, దీపం ఆపాక మళ్ళీ చీకట్లో వెంటనే చూడగలుగుతారు, పక్కన పడుకున్నవారికి నిద్ర చెడదు. తలుపు బయటి దీపం కాషాయ పసుపు రంగులో ఉంటే పురుగులు తక్కువ చేరతాయి. పూర్తిగా రాకుండా పోవు.

ఇక డిమ్మర్. క్యాంపర్‌లో వాడే డీసీ డిమ్మర్లు చాలావరకు కరెంటును వేగంగా ఆపుతూ ఇస్తూ వెలుగును తగ్గిస్తాయి. రెసిస్టర్ మాత్రమే ఉన్న స్ట్రిప్‌లు దీనికి చక్కగా లొంగుతాయి. డ్రైవర్ ఉన్న బల్బులు లొంగవు. డిమ్మర్ తగ్గించాలని చూస్తుంది, డ్రైవర్ నిలబెట్టాలని చూస్తుంది, మధ్యలో దీపం మిణుకుతుంది. డిమ్మర్‌తో పనిచేస్తుందని ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ బల్బులు ఉన్నాయి కానీ అరుదు. ఆపి ఇచ్చే వేగం సెకనుకు వెయ్యి సార్లకు పైన ఉన్న డిమ్మర్ ఎంచుకోండి. రెండు మూడు వందల దగ్గర ఉంటే, చూపు తిప్పినప్పుడల్లా దీపం తునకలు తునకలుగా కనబడుతుంది. ఫోను కెమెరాలో చారలు కనబడుతున్నాయా అని చూడడం సులువైన పరీక్ష. ఇంటి బల్బులకూ ఇదే పనికివస్తుంది.

కొందరు మొత్తం వ్యాన్ దీపాలన్నిటికీ కలిపి ఒకే వోల్టేజీ రెగ్యులేటర్ పెట్టి, అన్నీ చవక రెసిస్టర్ బల్బులే వాడమంటారు. నేను ఒప్పుకోను. అది పాడైన రాత్రి వ్యాన్ మొత్తం చీకటి.

వోల్ట్‌మీటరు

వెన్నెలబండి గారితో సగం ఏకీభవిస్తాను. విడివిడి దీపాలకు డ్రైవర్ బల్బులే సరైనవి. కాని బాటసారి గారికి వెలుగు తగ్గించుకునే ఏర్పాటు కావాలి, రేడియో కూడా నిశ్శబ్దంగా ఉండాలి. ఈ రెండూ కావాలంటే పడక దగ్గర స్ట్రిప్ వేసి, దానికి మాత్రమే మంచి ఫిల్టర్ ఉన్న చిన్న రెగ్యులేటర్, దాని తర్వాత డిమ్మర్ పెట్టడం ఉత్తమం. రెగ్యులేటర్ కొనేటప్పుడు వోల్టేజీని తగ్గించడమే కాక పెంచగలిగేది కూడా తీసుకోండి. తగ్గించడం మాత్రమే తెలిసినది బ్యాటరీ 12 కంటే కిందికి జారినప్పుడు 12 వోల్టులు నిలబెట్టలేదు. స్విచ్చిని రెగ్యులేటర్‌కు ముందు పెట్టండి. లేకపోతే దీపం ఆపినా అది 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూ ఉందనుకుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ ఊరికే పోతుంది. బండి నెలల తరబడి నిలిపి ఉంచినప్పుడు అది చిన్న మొత్తం కాదు.

ఫ్యూజు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. దీపాల లోడు 5 ఆంపియర్ల నుంచి ఒక ఆంపియర్ లోపుకు దిగింది కదా అని తీగలు సన్ననివి వేయాలనిపిస్తుంది. ఫ్యూజు కాపాడేది తీగను, బల్బును కాదు. పాత 10 ఆంపియర్ల ఫ్యూజు వెనుక సన్నని స్ట్రిప్ తీగ కలిపితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకంటే ముందు తీగ కాలుతుంది. సన్నని తీగ మొదలయ్యే చోటనే 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు విడిగా పెట్టండి.

బాటసారి

చాలా స్పష్టంగా ఉంది. ఒక్క సందేహం మిగిలింది. మా వ్యాన్ బయటి పందిరికి వేలాడదీసే దీపానికి ఇంట్లో ఉన్నట్టే ఈ27 మరల హోల్డర్ ఉంది. దానికి ఇంటి బల్బునే ఇన్వర్టర్ మీద నడపవచ్చా?

తీగమేస్త్రి

నడుస్తుంది, కానీ నష్టం. ఖాళీగా ఆన్‌లో ఉన్నందుకే ఇన్వర్టర్ తీసుకునే వాట్లు చాలాసార్లు మీ బల్బు వాట్లను మించుతాయి. ఆ హోల్డర్‌ను ఇన్వర్టర్ నుంచి తప్పించి నేరుగా బ్యాటరీ లైనుకు, ఫ్యూజు ద్వారా, కలపండి. ఈ27 మరతోనే 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు దొరుకుతాయి, సౌర దీపాలకు అవే వాడతారు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ బల్బుకూ ఇంటి బల్బుకూ పైకి తేడా కనబడదు, మర కూడా ఒకటే. 12 వోల్టుల బల్బును పొరపాటున 230 వోల్టుల హోల్డర్‌లో బిగిస్తే స్విచ్చి వేసిన క్షణంలో లోపలి భాగాలు పేలతాయి, 120 వోల్టులైనా అంతే. దానికి తారుమారుగా ఇంటి బల్బును బ్యాటరీ లైను మీద పెడితే అది వెలగకుండా ఉండిపోతుంది, అంతే; ప్రమాదమేమీ లేదు. కాబట్టి రెండు చోట్లకీ ఒకే డబ్బాలో బల్బులు దాచుకోవద్దు. క్యాంపర్ బల్బు మెడ మీద చెరగని పెన్నుతో ‘12’ అని పెద్దగా రాసి, అదనపు బల్బులను వ్యాన్‌లోనే ఉంచండి. పందిరి దీపం వానకు తడుస్తుంది కాబట్టి ఫిట్టింగు కనీసం ఐపీ65 రకం, అంటే దుమ్మునూ నీటి ధారనూ లోపలికి రానివ్వనిది, అయి ఉండాలి. హోల్డర్‌లోకి నీరు దిగితే ఎంత మంచి బల్బైనా తుప్పుతో పోతుంది.